బంగ్లాను ఉంచాలా, పెంచాలా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో హనుమకొండ సుబేదారిలోని కలెక్టర్ బంగ్లా గురించి నాలుగు ముక్కలు రాశాను. నిజాం రాజ్యంలో వరంగల్ సుబేదారు, అంటే ఈ ప్రాంతాన్ని ఏలే పెద్దాఫీసరు, ఉండే చోటు కాబట్టి ఆ పేటకు సుబేదారి అని పేరొచ్చిందని, 1886 ఆగస్టులో జార్జ్ పామర్ అనే ఆయన భార్య చేతుల మీదుగా ఆ బంగ్లాకు పునాది రాయి పడిందని, అంతే. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఎవరి ఊళ్లో వాళ్లకు ఒక పాత బంగ్లా ఉన్నట్టుంది, దాన్ని ఏం చేయాలన్న గొడవ కూడా ఉన్నట్టుంది. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: నేను రెవెన్యూలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఊరి పేరు వద్దు గానీ గోదావరికి ఇవతల ఒక పాత పట్టణం అనుకోండి. నిజాం కాలం నాటి బంగ్లా ఒకటి ఉంది, పెద్దాఫీసరు ఉండే ఇల్లు, క్యాంపు ఆఫీసు కూడా అందులోనే. ఇప్పుడు దాని మీద మూడు మాటలు నడుస్తున్నాయి. రెండు పక్కలా స్లాబ్ వేసి గదులు పెంచి పైన మీటింగ్ హాలు కట్టాలని కొందరు, పనికిరాదని రాసి, అంటే కండెమ్ చేసి, కూల్చి కొత్తది కట్టాలని కొందరు, తాళం వేసి వారసత్వ కట్టడం అని బోర్డు పెట్టాలని ఇంకొందరు. మా పిల్లలేమో అది ఎవరి నెత్తి మీదో పడేదాకా ఆగుతారా అంటున్నారు. నాకు మాత్రం ఆ వరండా ముందు నుంచి ఒకసారి నడిస్తే గానీ పొద్దు పోదు. మీరేమంటారు? (ఒక రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: సార్, నన్నడిగితే ఆ మూడూ వద్దు. పాత బంగ్లాను పాత పద్ధతిలోనే బాగు చేసుకుని అందులో మనుషులు మసలాలి. కావలసిన కొత్త గదులు, మీటింగ్ హాలు, డ్రైవర్ల గది, కంప్యూటర్ల గది, అన్నీ అదే ఆవరణలో వెనక వైపు విడిగా కట్టుకోవాలి. పాత గోడకు కొత్త గోడ తగలకూడదు, కొత్తది పాతదాని కన్నా ఎత్తు పోకూడదు. ఆ కాలపు బంగ్లాల చుట్టూ బోలెడంత జాగా వదిలేవాళ్లు కాబట్టి చోటు లేదనే మాట చాలా ఊళ్లలో నిలవదు. వానకు తడవకుండా అటూ ఇటూ తిరగడానికి మధ్యలో రేకులతో ఒక దారి వేసుకుంటే సరిపోతుంది.

గోడకు గోడ ఎందుకు తగలకూడదో చెప్తాను. ఆ గోడలు డంగు సున్నంతో కట్టినవి. గానుగలో సున్నం, ఇసుక పోసి ఎడ్లతో తిప్పించి, నానబెట్టి, బెల్లం నీళ్లో కరక్కాయ నీళ్లో కలిపి వాడేవాళ్లు. ఆ సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, కట్టిన తర్వాత ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది, నేల కాస్త కుంగినా దానితో పాటు సర్దుకుంటుంది. వందేళ్ల పైబడిన ఇల్లు ఎంత కుంగాలో అంత ఎప్పుడో కుంగి కుదురుకుంది. దాని పక్కనే మీరు కొత్తగా పునాది తవ్వి, సిమెంటు పిల్లర్లు లేపి, స్లాబ్‌ను తీసుకెళ్లి పాత గోడలోకి దూర్చారనుకోండి. కొత్తది ఇప్పుడు కుంగడం మొదలుపెడుతుంది, పాతది కదలదు, రెండూ కలిసిన చోట పైనుంచి కిందిదాకా చీలిక వస్తుంది. రెండు వానాకాలాలు పోతే ఆ చీలికలోంచి నీళ్లు దిగి, గోడలో కూర్చున్న టేకు దూలం కొస మెత్తబడుతుంది. అప్పుడు అందరూ బంగ్లా పాతబడిపోయింది అంటారు గానీ, పాడైంది కొత్త గది వల్లనని ఎవరూ అనరు. అదీగాక పాత పునాదికి ఆనుకుని లోతుగా తవ్వడమే ప్రమాదం, ఆ పునాదులు చాలావరకు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ.

సిమెంటు పూత సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో ఈ తప్పు మేమే చేశాం. పరకాల దగ్గర గూన పెంకుల ఇల్లు అది, సున్నపు గోడలు. గోడ అడుగున చెమ్మ కనిపిస్తోందని నడుము ఎత్తుదాకా సిమెంటు పూయించాం. గోడ పని చేసే సుతారి వద్దన్నాడు, పెద్దాయన, పట్నం నుంచి వచ్చిన మేం ఆయన మాట వినలేదు. నేల లోంచి ఎక్కిన తడి అంతకుముందు గోడ ముఖం మీదే ఆరిపోయేది. పూత వేశాక బయటికి వచ్చే దారి లేక పైకి పాకింది, ఏడాది తిరిగేసరికి నడుము దగ్గరున్న చెమ్మ భుజం దగ్గరికి చేరింది. నాలుగో ఏడు పూతను చేత్తో పట్టి లాగితే పలకలుగా ఊడొచ్చింది, దాంతో పాటు లోపలి ఇటుక ముఖం కూడా పిండిలా రాలింది. అమ్మమ్మ ఏమీ అనలేదు గానీ ఆ గోడ వైపు మంచం వేసుకోవడం మానేసింది. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. ఒక చిన్న ఇంటికే అలా అయితే, ఊరందరిదైన బంగ్లాకు ఎంత జాగ్రత్తగా చేయి వేయాలి?

పైన మీటింగ్ హాలు అనే ఆలోచన అయితే ఇప్పుడే మానుకోమని చెప్పండి. టేకు దూలాల మీద ఇటుక పరిచి సున్నం దంచి చేసిన మిద్దె తన బరువు, ఒక కుటుంబం బరువు మోయడానికి కట్టింది. మీటింగ్‌కు వచ్చే యాభై మంది, వాళ్ల కుర్చీలు, ఏసీలు దాని లెక్కలో లేవు. అదే కాకుండా ఇలాంటి మిద్దెలు కారినప్పుడల్లా పైన ఇంకో పొర కాంక్రీటు వేసేసి వెళ్లిపోవడం మన దగ్గర అలవాటు, మీ బంగ్లా మీద కూడా రెండు మూడు పొరలు ఉండే ఉంటాయి. అది ఇప్పటికే మోయాల్సిన దానికంటే ఎక్కువ మోస్తూ ఉండొచ్చు. ముందు ఆ పొరలు దించి, నీళ్లు పోయే వాటం సరిచేసి, మళ్లీ సున్నంతో చేయించాలి.

ఇక కండెమ్. ఈ మాటకు మన ఆఫీసుల్లో ఎంత బలం ఉందో మీకు నాకంటే బాగా తెలుసు, ఒకసారి ఫైలులో ఆ ముక్క పడితే తర్వాత వెల్ల వేయడానికి కూడా పైసా రాదు. అందుకే ఆ ముక్క ఎవరు రాశారు, ఏం చూసి రాశారు అన్నది అడగాలి. పూత పగిలితే గోడ పగిలినట్టు కాదు. నిజంగా గోడే పగిలినా ఆ పగులు పాతదై ఆగిపోయిందా, ఇంకా పెరుగుతోందా అన్నది తేల్చడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. పగులుకు అడ్డంగా ఒక సన్నని గాజు పలక అంటించి దాని మీద తేదీ రాసి వదిలేస్తారు, గోడ కదిలితే గాజు పగులుతుంది, లేకపోతే లేదు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూస్తే చాలావరకు అర్థమవుతుంది. మనకు కాజీపేట పక్కనే ఎన్‌ఐటీ ఉంది, 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పటి నుంచి అక్కడ సివిల్ ఇంజినీర్లు తయారవుతున్నారు. ఒక ఎస్టిమేట్ రాసే ముందు వాళ్ల చేత గోడ, దూలం, పునాది చూపించి లిఖితపూర్వకంగా రిపోర్టు తీసుకోవడం కష్టం కాదు. పిల్లల భయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రిపోర్టు వచ్చేదాకా అనుమానం ఉన్న గదిని ఖాళీ చేయించి, దూలం కింద ఊతం పెట్టించండి.

వరంగల్‌లో సెంట్రల్ జైలు కూడా 1886 నాటిదే, అంటే సుబేదారి బంగ్లాకు పునాది పడిన ఏడే. 2021లో ఖైదీలను వేరే జైళ్లకు తరలించి, దాన్ని కూల్చి, ఆ జాగాను సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి ఇచ్చారు. ఆసుపత్రి కావాలి, మా ఇంట్లో కూడా హైదరాబాద్ దాకా అంబులెన్స్‌లో పరుగెత్తిన రోజులున్నాయి, కాబట్టి దాన్ని నేను వేలెత్తి చూపడం లేదు. కానీ ఒక ఇంటిని కూల్చి ఇంకో ఇల్లే కట్టుకోవడానికి ఆపాటి కారణం కూడా లేదు కదా.

మూడోది తాళం. మంచి మనసుతోనే అంటున్నారు గానీ, నేను చూసినంతలో పాత ఇళ్లు ఎక్కువగా చచ్చిపోయేది తాళం వల్లనే. మొదటి ఏడు తూములో ఆకులు అడ్డం పడతాయి, తీసేవాళ్లుండరు. నీళ్లు మిద్దె మీదే నిలబడతాయి. రెండో ఏడు పిట్ట వేసిన రావి గింజ గోడ సందులో మొలుస్తుంది, వేలంత ఉన్నప్పుడు పీకితే పోయేది, మూడో ఏటికి దాని వేరు గోడలోకి దిగిపోతుంది. లోపల గాలి లేక చెద పట్టి తలుపు చౌకట్లు డొల్ల అవుతాయి. మనుషులుంటే ఇవన్నీ పొద్దున టీ తాగుతూ ఎవరో ఒకరు చూసి చెప్పేవే. ఒకవేళ ఆఫీసరు కొత్త ఇంటికి మారినా సరే, పాతదాంట్లో గ్రంథాలయమో, జిల్లా పాత రికార్డుల గదో, జనం వచ్చిపోయే మ్యూజియమో పెట్టండి. ఏదో ఒకటి నడవాలి.

విప్పి మళ్లీ కడదాం అనేవాళ్లు కూడా ఉంటారు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు, తిరిగి నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. రాయికి రాయి నంబరు వేసి, నిపుణులు దగ్గరుండి చేస్తేనే అన్నేళ్లు పట్టింది. మీ బంగ్లాకు అంత ఓపిక ఎవరు పడతారు?

ప్రశ్న: మీరు బయటి నుంచి చూసి ఎంత అందంగా ఉందో అని రాస్తారు, లోపల ఉండేది మేం. వంటగది ఎక్కడో వెనక, అన్నం తెచ్చేసరికి చల్లారిపోతుంది. బాత్రూం ఒకటే సరిగ్గా పనిచేస్తుంది. వానొస్తే మూడు చోట్ల బకెట్లు పెడతాం. పొద్దున ఆరింటి నుంచి అర్జీలతో జనం, డ్రాయింగ్ రూంలోకి కూడా వచ్చేస్తారు, పిల్లల పరీక్షలప్పుడు టెన్షన్ అంతా ఇంతా కాదు. చరిత్ర కోసం మేం ఎందుకు కష్టపడాలి? (ఒక అధికారి భార్య)

జవాబు: అమ్మా, మీరు కష్టపడకూడదు. ఈ మాట ముందే చెప్పాల్సింది, పోయిన నెల రాసిన దాంట్లో లోపల ఉండేవాళ్ల ఊసే లేదు, అది నా పొరపాటే. పాత ఇంటిని కాపాడాలి అంటే 1886లో ఎలా బతికారో అలాగే బతకమని కాదు. ఆ రోజుల్లో పొయ్యి పొగ, నిప్పు భయం వల్ల వంటిల్లు దూరంగా కట్టారు, మోసుకొచ్చే నౌకర్లు ఉన్నారు. ఇప్పుడు గ్యాస్ ఉంది, అంతమంది మనుషులు లేరు. వంటగది ఇంట్లోకి రావాల్సిందే. వెనక వరండాలో ఒక భాగాన్ని చెక్క, అద్దాలతో మూసి వంటగది చేసుకోవచ్చు, రేపు తీసేయాలంటే గోడకు గీత కూడా పడకుండా తీసేయొచ్చు. నా లెక్క ఎప్పుడూ అదే, కొత్తగా పెట్టేది ఏదైనా రేపు తీయడానికి వీలుగా ఉండాలి.

బాత్రూంలు పాత గదుల్లో, ముఖ్యంగా మేడ మీద చెక్క దూలాల నేల మీద వద్దు. వెనక విడిగా కట్టే గదుల్లో పెట్టించుకుని దారి కలపండి. వైరింగ్ కోసం గోడలో గాడి కొట్టనివ్వకండి, కేసింగ్ పట్టీలో గోడ ముఖం మీదుగానే తీసుకెళ్లమనండి. చూడ్డానికి కొంచెం బాగుండదు గానీ గోడ బతుకుతుంది. ఏసీ పైపు కోసం కమాను మధ్యలో రంధ్రం పెట్టడం నేనొక చోట చూశాను, అక్కడి నుంచే పగులు మొదలైంది. కిటికీ పైభాగంలో ఒక అద్దం తీసి అందులోంచి పంపితే ఏ రంధ్రమూ అక్కర్లేదు. అయినా ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, పైన గాలి కిటికీలు సరిగ్గా తెరిచి ఉంటే రామగుండం ఎండల్లో కూడా స్లాబ్ ఇంటికన్నా నయంగా ఉంటుంది. మధ్యలో ఎవరో ఫాల్స్ సీలింగ్ వేయించి ఉంటే వెంటనే తీయించండి, దాని వెనక కారేదీ కనిపించదు, చెదా కనిపించదు.

జనం సంగతి. అర్జీ పట్టుకుని వచ్చే మనిషి మీ డ్రాయింగ్ రూం దాకా వస్తున్నాడంటే అతనికి కూర్చోవడానికి చోటు లేకనే. చిన్నప్పుడు మా నాన్న భూమి కాగితం ఒకటి పట్టుకుని ఇలాంటి బంగ్లా గేటు బయట ఎండలో నిలబడితే నేను ఆయన పంచె పట్టుకుని నిలబడ్డాను, లోపలికి పంపాలా వద్దా అన్నది దఫేదారు చేతిలో ఉండేది. క్యాంపు ఆఫీసు విడిగా, దానికి వేరే గేటు, నీడ, నీళ్లు, బెంచీలు, ఆడవాళ్లకు బాత్రూం, ఇవి కడితే మీకు ఇల్లు మిగులుతుంది, వాళ్లకు గౌరవం మిగులుతుంది. విడి భవనం కట్టాలని నేను ఇంత గట్టిగా అనడానికి సగం కారణం ఇదే.

పెద్ద రిపేరు మొదలైతే ఏడాదో రెండేళ్లో వేరే ఇంట్లో ఉండాల్సి రావచ్చు, దానికి ఇబ్బంది పడకండి. లండన్‌లో 10 డౌనింగ్ స్ట్రీట్ పునాదులు పుచ్చిపోతే 1960 నుంచి 1963 దాకా బ్రిటన్ ప్రధాని మాక్‌మిలన్ వేరే ఇంట్లో ఉన్నాడు. అప్పుడు కడిగి చూస్తే ఆ నల్లటి ఇటుకలు అసలు పసుపు రంగువట, రెండు వందల ఏళ్ల బొగ్గు పొగకు నల్లబడ్డాయి. జనానికి తెలిసిన రూపు అదే కాబట్టి మళ్లీ నల్ల రంగే వేశారు.

ప్రశ్న: అమెరికా వైట్ హౌస్‌లో ఈస్ట్ వింగ్ మొత్తాన్ని 2025 అక్టోబరులో కూల్చేసి పెద్ద బాల్‌రూం కడుతున్నారు. ప్రపంచంలో అంత పేరున్న ఇంటికే అలా చేస్తే మన జిల్లా బంగ్లాకు ఇంత రాద్ధాంతం అవసరమా? (ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కాజీపేట)

జవాబు: తమ్ముడూ, వైట్ హౌస్‌ను ఉదాహరణగా తీసుకుంటే మొత్తం తీసుకోవాలి. ఆ ఇంట్లో మొదట కాపురం పెట్టిన అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, అది 1800లో. 1814లో బ్రిటిష్ సైన్యం తగలబెడితే, మసి పట్టిన రాతి గోడలు మిగిలితే, మొదట కట్టిన జేమ్స్ హోబన్‌నే పిలిచి అదే రూపంలో మళ్లీ కట్టించారు. ఆఫీసుకు చోటు చాలక 1902లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఏం చేశాడంటే, అసలు ఇంటిని పెంచకుండా పక్కన విడిగా వెస్ట్ వింగ్ కట్టించి మధ్యలో నడవా కలిపాడు. నేను పైన ఆ రిటైర్డ్ ఉద్యోగి గారికి చెప్పింది అదే.

నువ్వు సివిల్ అయితే ఆ తర్వాతి సంగతి తప్పకుండా చదువు. 1927లో ఆ ఇంటి పైన ఉక్కు, కాంక్రీటుతో మూడో అంతస్తు వేశారు. కింద ఉన్నవి పాత గోడలు, చెక్క దూలాలు, పైగా అప్పటికే నీళ్ల పైపులకు, కరెంటు తీగలకు ఎవరికి తోచినట్టు వాళ్లు వాటిని కోసి ఉన్నారు. ఇరవై ఏళ్లు మోసింది. 1948లో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ కూతురి పియానో కాలు ఒకటి నేలను చీల్చుకుని కిందికి దిగింది. ఇంజినీర్లు చూసి ఇల్లు కూలిపోయే స్థితిలో ఉందన్నారు. ట్రూమన్ కుటుంబం ఎదురింటికి, బ్లెయిర్ హౌస్‌కు మారి 1952 మార్చిలో గానీ తిరిగి రాలేదు. మొత్తం కూల్చేద్దామన్న మాట అప్పుడూ వచ్చింది. కానీ బయటి గోడలను అలాగే నిలబెట్టి, వాటి కింద కొత్త పునాదులు దించి, లోపల అంతా విప్పి ఉక్కు చట్రం కట్టారు. లోపలి పాత చెక్క పని చాలావరకు పోయింది, అది నష్టమే, ఆ నష్టానికి దారి తీసిన వాటిలో పైన వేసిన ఆ అంతస్తు ఒకటి.

ఇప్పటి బాల్‌రూం గురించి నా మాట అడిగితే, కడుతున్న దానికన్నా ఆ పని మొదలుపెట్టిన తీరు నాకు ఎక్కువ బాధ. అసలు ఇల్లు సుమారు 55,000 చదరపు అడుగులు, ప్రకటించిన బాల్‌రూం 90,000. కొత్తది పాతదాన్ని మింగేలా ఉండకూడదన్నది ఎక్కడైనా ఒకటే. ఉన్న కట్టడానికి అడ్డం రాదని జులైలో చెప్పి, అక్టోబరులో ఈస్ట్ వింగ్‌ను నేలమట్టం చేశారు, జనం నోరు తెరిచేలోపు అయిపోయింది. ఈస్ట్ వింగ్ కూడా 1902 నాటి కట్టడాన్ని 1942లో పెంచిందే, అసలు ఇల్లంత పాతది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ కూల్చే ముందు నలుగురికీ చూపించి, అభ్యంతరాలు విని, ఆ తర్వాత నిర్ణయం చేయాల్సింది. అంత పేరున్న ఇంటికే అలా జరిగింది అంటే మన బంగ్లా మీద ఇంకా ఎక్కువ కన్నేసి ఉంచాలనే నాకనిపిస్తుంది.

మన దగ్గరా రెండు రకాలూ చూశాం. హైదరాబాద్‌లో 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్, పాత సెక్రటేరియట్‌లో జీ బ్లాక్ అనేవాళ్లు, 2020లో మిగతా బ్లాకులతో పాటు పోయింది. అంతకుముందు ఏడు ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను తీసి అసెంబ్లీ కడతామంటే కొందరు కోర్టుకు వెళ్లారు, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇర్రం మంజిల్ నిలిచింది.

ప్రశ్న: మా తాత దొర గడిలో వెట్టి చేశాడు. ఆ గడి ముందు నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని నడవాలి అని మా నాయనమ్మ చెప్పేది. సుబేదారు బంగ్లా అయినా, దొర గడి అయినా మా మీద పెత్తనం చేసినవాళ్ల ఇళ్లే కదా. పన్నుల డబ్బుతో వాటిని ఎందుకు కాపాడాలి? (ఒక పాఠకురాలు, జనగామ జిల్లా)

జవాబు: వచ్చిన ఉత్తరాల్లో నన్ను రెండు రోజులు ఆపింది మీదే. మీ నాయనమ్మ మాటకు ఎదురు చెప్పే హక్కు నాకు లేదు. మీ జిల్లాలోనే 1946 జులై 4న కడవెండిలో దొర పెత్తనానికి ఎదురుతిరిగిన దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది, ఆ తూటా వెనక ఉన్నది కూడా ఒక గడే. అలాంటి ఇంటిని చూసి ఆహా ఏం కమానులు అని మురిసిపోవడం నాకూ చేతకాదు.

అయినా కూల్చాలని మాత్రం అనను. కూల్చేస్తే మీ నాయనమ్మ చెప్పుల మాటకు సాక్ష్యం ఏది? నాకున్న కోపం ఎక్కడంటే, ఇలాంటి ఇళ్లను బాగు చేసేటప్పుడు దర్బారు హాలుకు పాలిష్ కొట్టి, వెనకున్న నౌకర్ల అర్రలను, గుర్రాల కొట్టాన్ని, ధాన్యం కొలిచిన చోటును పనికిరానివని ముందు కూల్చేస్తారు. ముందు ఉంచాల్సింది వాటినే. అక్కడ ఎవరు పనిచేశారు, ఏం కూలి దొరికింది, అసలు దొరికిందా, గేటు బయట ఎవరు ఎంతసేపు నిలబడ్డారు, ఇది గోడ మీద రాయాలి, మీ ఇంటి లాంటి ఇళ్లకు వెళ్లి అడిగి రాయాలి. అది చేయకుండా ఒట్టి వారసత్వం అంటే మీరు ఒప్పుకోవద్దు.

ఒక్క సంగతి చెప్తాను. హైదరాబాద్ కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది, 1800ల మొదట్లో కిర్క్‌ప్యాట్రిక్ అనే రెసిడెంట్, అంటే నిజాం దగ్గర బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి, కట్టించుకున్న భవంతి. నిజాం మీద కూడా పెత్తనం నడిపిన ఇల్లు అది. 1949 నుంచి అందులో ఆడపిల్లల కాలేజీ నడిచింది, పల్లెల నుంచి వచ్చిన వేలమంది అక్కడ చదివారు, మా చిన్నమ్మ కూడా. భవనం దెబ్బతిని మూతపడే స్థితికి వస్తే ఏళ్ల తరబడి బాగు చేశారు. ఆ కాలేజీ విశ్వవిద్యాలయం అయింది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. మీ పక్క పాలకుర్తి ఐలమ్మ, విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం, పంట కోసం కొట్లాడిన ఐలమ్మ. రెసిడెంట్ గారి ఇంటి గేటు మీద ఇవాళ ఆమె పేరుంది. ఆ ఇంటిని కూల్చి ఉంటే ఈ పేరు ఏదో ఒక కొత్త భవనం మీద ఉండేది, నాకైతే అంత బలంగా తగిలేది కాదు.

బొల్లారంలో రాష్ట్రపతి నిలయం కూడా అంతే. 1860లో కట్టిన ఇల్లు, నిజాం నుంచి 1950లో తీసుకున్నారు. ఏడాదిలో కొద్ది రోజులే జనాన్ని రానిచ్చేవాళ్లు, 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా టికెట్ తీసుకుని ఎవరైనా లోపలికి పోవచ్చు. మీ ఊరి గడిలోకి కూడా మీ పిల్లలు చెప్పులు వేసుకునే నడిచి వెళ్లాలి, వెళ్లి ఆ గదిలో మీ తాత గురించి చదవాలి. పన్నుల డబ్బు దానికి పెడితే నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: మాలాంటి మామూలు వాళ్లం ఏం చేయగలం? ఎస్టిమేట్లు, టెండర్లు అన్నీ లోపలే అయిపోతాయి. (ఒక చిరు వ్యాపారి, కరీంనగర్)

జవాబు: సమాచార హక్కు కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టండి. మూడు కాగితాలు అడగండి: భవనం బలం మీద ఇచ్చిన ఇంజినీరింగ్ రిపోర్టు, ప్రతిపాదించిన ప్లాను, ఎస్టిమేట్. 30 రోజుల్లో జవాబివ్వాలి. రిపోర్టే లేకుండా కండెమ్ అన్నారంటే అక్కడే సగం తెలిసిపోతుంది. 2017లో తెచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం ఉంది, మీ బంగ్లా రక్షిత జాబితాలో ఉందో లేదో కనుక్కుని, లేకపోతే చేర్చమని రాతపూర్వకంగా కోరండి. పాత కట్టడాలను కాపాడే సంస్థ ఇంటాక్ వాళ్లను పిలవండి, 1984 నుంచి దేశమంతా ఈ పనే చేస్తున్నారు. అన్నిటికన్నా ముందు ఇవాళే వెళ్లి ఫోటోలు తీయండి, నాలుగు వైపులా, తలుపులు, మెట్లు, పెంకులు, వెనకున్న కొట్టాలు, బయటి నుంచి ఎంత కనిపిస్తే అంత.

మొదటి ఉత్తరం రాసిన సార్‌కు ఒక మాట. మీరు 31 ఏళ్లు ఆ ఊళ్లో పనిచేశారు. ఏ వానకు ఏ మూల కారేది, ఏ ఏడు ఏ గోడ కొట్టి తలుపు పెట్టారు, మిద్దె మీద పొర ఎన్నిసార్లు వేశారు, బావి ఎక్కడ పూడ్చారు, ఇవి ఏ ఫైలులోనూ దొరకవు. ఒక నోటుబుక్కు తీసుకుని గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాయండి, వరుస అక్కర్లేదు. మీతో పనిచేసిన పాత వాచ్‌మన్, తోటమాలి ఎవరైనా ఉంటే వాళ్లను కూడా కూర్చోబెట్టి అడగండి. పని చేయడానికి వచ్చే ఇంజినీరుకు ఒక కాపీ ఇవ్వండి, మాకు ఒకటి పంపండి, అచ్చు వేస్తాం.